ఊరూ పేరూ లేని రింగులు: చూడగానే పేరుపెట్టే విద్య

తొలకరి చినుకులు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లోకి జనం వజ్రాలకు బయల్దేరతారు. నడుం వంచి, ఎర్రమట్టిలో ఒక్కో రాయీ తిరగేసి, ఎండకెత్తి చూసి, పారేసి, మళ్లీ వంగుతారు. నేను చేసేదీ అదే పని. కాకపోతే నాకు వానతో నిమిత్తం లేదు. కర్నూలు వన్‌టౌన్‌లో ఒక గుజిరీ అంగడి చాలు. చచ్చిన కంప్యూటర్ల పవర్ సప్లైలు, ఆరిపోయిన సీఎఫ్ఎల్ బల్బులు అక్కడ గుట్టగా పడి ఉంటాయి. వాటి కడుపు కోస్తే చిన్న గారెల్లాంటి రింగులు బయటపడతాయి: నల్లవి, పచ్చవి, పసుపువి, ఎప్పుడన్నా ఒక ఎర్రది. వీటినే టొరాయిడ్ కోర్లంటారు. సొంతంగా రేడియో కట్టుకునేవాడికి ఇవే వజ్రాలు.

చిక్కల్లా ఒక్కటే. రెసిస్టరుకు రంగు గీతలుంటాయి, కెపాసిటరుకు అంకెలుంటాయి, ఈ రింగు ఒంటిమీద మాత్రం అక్షరం ఉండదు. ఒకే సైజు, ఒకే నలుపు రింగులు రెండు పక్కపక్కన పెడితే, ఒకదాని పర్మియబిలిటీ 125, రెండోదానిది 10,000 ఉండొచ్చు. జొన్నగిరికి దగ్గర్లో ఎర్రగుడి గుట్టమీద అశోకుడు చెక్కించిన మాటలు రెండు వేల ఏళ్లు దాటినా చదవడానికి వస్తున్నాయి. అర అంగుళం రింగు మీద నాలుగక్షరాలు అచ్చెయ్యడం మాత్రం కంపెనీలకు చేతకాలేదు. పోనీండి, మనకు తెలివుంది. ముప్పై ఏళ్లుగా నేను నమ్ముకున్న పద్ధతులు కింద ఇస్తున్నా. ఒక్కదానికీ లెక్కలు అక్కర్లేదు.

1. రంగు చూడండి, అంతటితో ఆపండి

మిక్స్ అంటే కోరు పదార్థం రకం. ఎరుపంటే మిక్స్ 2, పసుపంటే మిక్స్ 6. రెండూ ఇనుపపొడి కోర్లే, రెండూ షార్ట్‌వేవ్‌కు పనికొచ్చేవే. ఈ రెండు ముక్కలు బట్టీపడితే విద్య పూర్తయినట్టే. కంప్యూటర్ పవర్ సప్లైలో దొరికే పసుపు రింగుకు ఒక ముఖం తెల్లగా ఉంటుంది. అది చూసి భయపడకండి, పాతబడి రంగు వెలిసిందనుకోండి.

మా తమ్ముడి కూతురు ఇంజినీరింగు చదువుతోంది. "పెద్దనాయనా, పసుపూ తెలుపూ ఉంటే అది మిక్స్ 26. డీసీని సాఫు చేసేదానికి పెట్టింటారు. రేడియోకు పెడితే కాలుతుంది" అంది. నేను వింటానా? 7 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ ఫిల్టరుకు ఆ రింగు మీద చక్కగా 14 చుట్లు చుట్టాను. ఎర్ర రింగుకైతే ఆ లెక్క సరిపోయేది. ఇది దానికి ఆరేడు రెట్ల ఇండక్టెన్స్ ఇచ్చింది. మాట యాంటెన్నా దాకా పోలేదు. రింగును ముట్టుకుంటే వేలు చుర్రుమంది, వార్నిష్ కాలిన కమురు కంపు గదంతా కమ్మింది. ఏదో ఒకటి బయటికొచ్చింది కదా అని తృప్తిపడ్డాను.

ఇక ఫెర్రైట్ల విషయానికొస్తే, ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది. ఒకరి ఆకుపచ్చకూ ఇంకొకరి ఆకుపచ్చకూ చుట్టరికం లేదు. అయినా సరే, రంగుని బట్టే పోండి. లేకుంటే ఇంద్రధనుస్సులా పేర్చుకున్న మీ డబ్బా అందం చెడుతుంది.

2. అయస్కాంతం పెట్టండి

పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి రింగుకు ఆనించండి. అతుక్కుంటే మంచి కోరు. ఇప్పటిదాకా నేను పరీక్షించినవన్నీ మంచివే. ఇనుపపొడైనా, మాంగనీస్-జింక్ ఫెర్రైటైనా, నికెల్-జింకైనా అయస్కాంతం ముందు అందరూ బంధువులే. ఈ పరీక్షలో ఓడిపోయింది ఒక్క ప్లాస్టిక్ వాషరు. దాని సంగతి తర్వాత చెప్తాను.

3. బండమీద వేసి చప్పుడు వినండి

మన ఇళ్లల్లో నేలకు కడప బండలో బేతంచెర్ల బండలో ఉండనే ఉంటాయి. మోకాలెత్తు నుంచి రింగును వదలండి. ఠంగుమంటే ఫెర్రైటు, టప్పుమంటే ఇనుపపొడి. ఇందులో కొంత నిజముంది, ఫెర్రైటు పింగాణీ జాతిది. అయితే ఒక్కసారికే నమ్మకూడదు, మూడుసార్లు వెయ్యాలి. మూడోసారికి రెండు ముక్కలైతే ఫెర్రైటని ఖాయం.

విరిగినదాన్ని పారెయ్యకండి, ఫెవిక్విక్ పెట్టి అతికించండి. అతుకు దగ్గర వెంట్రుకంత సందు మిగులుతుందనీ, 5,000 పర్మియబిలిటీ ఉన్న చిన్న రింగు ఆ సందు వల్ల వందల్లోకి జారుతుందనీ చాదస్తులు అంటారు. జారితే జారనివ్వండి. అసలు ఎంతో తెలిస్తే కదా, ఎంత తగ్గిందని బాధపడటానికి!

4. గీటు పెట్టకుండా గీటురాయి పరీక్ష

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నగను రాయికి గీసి చూస్తారు. మనకూ అలాంటిదొకటుంది. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి రెండు కడ్డీలూ రింగుకు ఆనించాలి. మాంగనీస్-జింక్ ఫెర్రైటు కొద్దోగొప్పో కరెంటు పోనిస్తుంది కాబట్టి ముల్లు కదులుతుంది. నికెల్-జింక్‌ది కదలదు. మొదటిది తక్కువ ఫ్రీక్వెన్సీలకు, రెండోది రేడియోకు. పెయింటు గీకి, లోపలి ఒట్టి ఫెర్రైటు మీద పెడితే ఇది పనికొచ్చే పరీక్షే. కానీ ముచ్చటైన రంగును ఎవరు గీకుతారు? నేను పెయింటు మీదే పెట్టాను. ముల్లు ఒక్కసారీ కదల్లేదు. కాబట్టి నా దగ్గరున్న రింగులన్నీ మేలిరకం నికెల్-జింక్‌వే.

5. అమ్మేవాణ్ణి అడగండి

"ఇవి యాడివప్పా?" అన్నాను ఒకసారి, బఠాణీ గింజకన్నా కాస్త పెద్ద రింగులు దోసెడు చూపించి.

"మిలిటరీ వైర్‌లెస్‌లోవి సార్. మళ్లీ యాడా దొరకవు."

గుట్ట పక్కనే సీఎఫ్ఎల్ బల్బుల గాజు మెలికలు పగిలి పడున్నాయి. వాటికీ వీటికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు. బల్బు అడుగున ఉండే ఈ బుల్లి రింగు మీద మూడు చుట్టలుంటాయి. రెండు ట్రాన్సిస్టర్లను కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌ల వద్ద ఒకదాని తర్వాత ఒకటి ఆడించడం దాని పని. అందుకోసం తొందరగా సాచురేట్ అయ్యేలాగే తయారుచేస్తారు. దాన్ని షార్ట్‌వేవ్ ఆసిలేటరులో పెట్టడమంటే బండెద్దును పందేనికి కట్టడమే. మిలిటరీ ఎద్దన్నాడు కాబట్టి కట్టేశాను.

6. కడప స్టేషను వస్తే కోరు మంచిదే

కడప ఆకాశవాణి 1963లో మొదలైంది. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద 100 కిలోవాట్ల స్టేషను అది. ఆ ఊళ్లో ఉంటున్న రోజుల్లో ప్రతి కొత్త కోరునూ రిసీవరులో పెట్టి పరీక్షించేవాణ్ణి. ప్రతిదాంట్లోనూ స్టేషను గణగణమని మోగేది. ట్యూనింగు ఎటు తిప్పినా అదే వచ్చేది. ఎంత మంచి కోర్లో! ట్రాన్స్‌మిటరు పక్కనుంటే తుప్పుపట్టిన మేకుకు తీగ చుట్టినా పలుకుతుందని అప్పట్లో ఎవరో అన్నారు. వాళ్లకు నా రింగుల మీద కుళ్లు.

7. చుట్లు సుమారుగా వెయ్యండి

తీగకు మోటరు రివైండింగు షాపుకు పోండి. బోర్లెండే సీమలో కాలిన మోటర్లకూ ఎనామిల్ తీగకూ కొదవ లేదు. చుట్టేటప్పుడు లెక్కపెట్టకండి. తీగ రింగు బొక్కలోంచి ఒక్కసారి నేరుగా దూరిపోయినా అది ఒక చుట్టే. ఈ సంగతి తెలియక చాలామంది ఒకటి తక్కువ లెక్కేస్తారు. ఇండక్టెన్స్ చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి పదికి పదకొండైతే 21 శాతం తేడా. పప్పులో ఉప్పు 21 శాతం ఎక్కువైతే తినమా?

ఇంకో మాట. ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ చెక్కి ఉంటాయి. ఆ ఒరవడి నాకు తెగ నచ్చి, సగం చుట్లు పైనుంచి కిందికీ మిగతా సగం కింది నుంచి పైకీ దూర్చాను. ఒక సగం పుట్టించిన ఫ్లక్స్‌ను రెండో సగం తినేసింది. ఇరవై చుట్లు చుట్టినా ఇండక్టెన్స్ లేనట్టే. శాసనం మాత్రం భద్రంగా ఉంది.

8. ఎండను లెక్కచెయ్యకండి

ఆసిలేటరు కాయిలుకు ఏ రింగైనా ఒకటే అనుకోవాలి. మిక్స్ 2 మీద చుట్టిన కాయిలు 10 డిగ్రీలు వేడెక్కితే దానివల్లనే 7 మెగాహెర్ట్జ్ దగ్గర 3 కిలోహెర్ట్జ్ పైచిలుకు జారుతుంది. మిక్స్ 6 అయితే సుమారు 1.2. ఫెర్రైటు జారుడుకు అడ్డూ అదుపూ లేదు. మే నెల కర్నూలులో పొద్దున ఏడింటికీ మధ్యాహ్నం రెండింటికీ మధ్య ఎన్ని పది డిగ్రీలున్నాయో మీకే తెలుసు. ఫెర్రైటు పెట్టి నేను పొద్దున పట్టుకున్న మనిషి టిఫిను టైముకు బాతులా అరిచి, భోజనాల వేళకు మాయమయ్యాడు. తప్పు ఆయన గొంతుదే.

9. కుళాయి వాషరును గడప తొక్కనివ్వకండి

హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ అనే హ్యామ్, పిలుపు సంకేతం వీయూ2ఈఎస్ఈ, ఇరవై ఏళ్ల కిందట బిట్ఎక్స్ అనే ట్రాన్సీవరును రూపొందించాడు. మన బజారులో దొరికే సామాన్లతోనే ఎవరైనా కట్టుకోవాలన్నది ఆయన పట్టు. మంచి టొరాయిడ్లు దొరకవని ఏడవకుండా కాయిళ్లను కుళాయి వాషర్ల మీద చుట్టాడు. వెడల్పు బ్యాండు ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బేలన్ కోర్లు పెట్టాడు. ఆ డిజైను దేశదేశాలు తిరిగింది.

నాకిది చిన్నతనంగా తోచింది. వాషరులో అయస్కాంత గుణం సున్నా. నాలుగు చుట్లు ఎక్కువ పడతాయి, అంతే. ఎవరు చుట్టినా అంతే వస్తుంది, రేపు చుట్టినా అంతే వస్తుంది. అందులో వేటేముంది, ఉత్కంఠేముంది? తెలిసిన వాషరు మీద రేడియో పలికించడం ఎవరికైనా చేతనవుతుంది.

10. పది చుట్ల మనుషులకు దూరంగా ఉండండి

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఇది. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చిన మా తమ్ముడి కూతురు నా డబ్బా ముందేసుకుని కూర్చుంది. ఒక్కో రింగుకూ పది చుట్లు, కచ్చితంగా పదే, వేసింది. పక్కన 100 పికోఫారడ్ల కెపాసిటరు, అరచేతిలో పట్టే నానో వీఎన్ఏ అనే కొలత పరికరం.

"చూడు పెద్దనాయనా. అర అంగుళం ఎర్రది ఇరవై రెండున్నర మెగాహెర్ట్జ్ పైన పలుకుతాంది. అంటే 0.49 మైక్రోహెన్రీ. నీ పసుపూ తెలుపుది 8.8 దగ్గర, 3.3 మైక్రోహెన్రీ. ఈ నల్లది రెండున్నర లోపలే, 44 పైన. పది చుట్లే కాబట్టి నానోహెన్రీలను వందతో భాగిస్తే చాలు, కోరును గుర్తుపట్టే విలువ వచ్చేస్తుంది. తెరమీద ఎర్రదాని గుంట సూదిమాదిరి ఉంది, నల్లదానిది గిన్నెమాదిరి ఉంది, అంటే నష్టం ఎక్కువ. ఆ నల్లది 43 నంబరు ఫెర్రైటు కావచ్చు, ట్రాన్స్‌ఫార్మరుకు పనికొస్తుంది, ఆసిలేటరుకు వద్దు."

"చూస్తే తెలిసేదానికి ఇంత తతంగం ఎందుకే?"

"చూస్తే తెలిసుంటే ముప్పై ఏళ్లలో ఒక్క రేడియోనన్నా పలికిండేది గదా!"

దీపం పెట్టే వేళకు పని ముగించింది. చీటీలు అంటించిన అగ్గిపెట్టెలు వరసగా పేర్చింది. పవర్ సప్లైకి పనికొచ్చేవి నాలుగు పెట్టెలు. బల్బువి ఒక పెట్టె. విరిగి అతికినవి ఒక పెట్టె. షార్ట్‌వేవ్‌కు నిజంగా పనికొచ్చేవి మూడంటే మూడు రింగులు. ఆ మూడింటిలో ఒకదాంతో ఆ రాత్రే ఫిల్టరు చుట్టి పెట్టింది. తెల్లారి నా సెట్టు మొదటిసారి చల్లగా ఉంది. అవతలి నుంచి జవాబు కూడా వచ్చింది.

సంతోషించాలేమో. నాకు మాత్రం ఆ పెట్టెలు చూస్తే దిగులేస్తుంది. నిన్నటిదాకా డబ్బా నిండా వజ్రాలు కావచ్చుననుకునే రాళ్లుండేవి. ఇప్పుడు మూడు ఉన్నాయి, మిగతావి రాళ్లని చీటీ మీద రాసుంది. జొన్నగిరి చేలల్లో వంగినవాళ్లు ఒక్కో రాయినీ అంతసేపు చేతిలో తిప్పుతూ ఉండిపోయేది ఎందుకో నాకిప్పుడు అర్థమైంది.

ఆదివారం మళ్లీ గుజిరీకి పోతున్నా. కొత్త సరుకు దిగిందట, పాత యూపీఎస్‌లు. కొన్న రింగులు ఈసారి అటక మీద దాస్తాను. ఆ పిల్ల వేసవి సెలవులకు వస్తుంది.