మెత్తని రౌతు

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. జన్మలో గుర్రం ఎక్కనివాళ్లు కూడా ఈ మాటను మహా అనుభవజ్ఞుల్లా అంటారు. కొత్త హెడ్‌మాస్టరు గురించి అంటారు, కోడలికి బీరువా తాళాలిచ్చిన అత్తగారి గురించి అంటారు. ఈ విషయంలో గుర్రం అభిప్రాయమేమిటో ఎవరైనా కనుక్కున్న దాఖలా మాత్రం లేదు.

గుర్రం తరఫున వాదించినవాళ్లు లేకపోలేదు. సుమారు 2,400 ఏళ్ల కిందట గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రపు స్వారీ మీద పుస్తకం రాస్తూ, బలవంతాన చేయించిన పనిలో అందం ఉండదని, నాట్యగాణ్ని కొరడాతో కొట్టి ఆడించినట్టే ఉంటుందని తేల్చాడు. మన నకులుడైతే విరాటుడి కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాల పనే అడిగి మరీ తీసుకున్నాడు. వంటింట్లో పడ్డ భీముణ్ని పక్కన పెడితే, అజ్ఞాతవాసంలో ఇష్టమైన ఉద్యోగం చేసింది అతనేనేమో.

లాయంలో గుర్రాన్ని ప్రేమించడం పెద్ద పనేమీ కాదు. అసలు పరీక్ష పోటీల దగ్గర మొదలవుతుంది. ఒకప్పుడు కప్పుల కోసం పరుగెత్తి, విసిగి మానేసి, గుర్రంతో నెమ్మదిగా మసలడం నేర్చుకుని, కొన్నేళ్లకు ‘ఒక్కసారి దిగి చూద్దాం’ అనుకునే రౌతులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కొరడా వదిలేయడం వీళ్లకు సులువే. కప్పు మీద ఆశ వదలడమే కష్టం.

పైగా నియమాలు కూడా విచిత్రంగా ఉంటాయి. డ్రెస్సాజ్ సంగతి తీసుకోండి. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న బరిలో గుర్రం పక్కకు నడవాలి, నిలుచున్నచోటే దౌడు తీసినట్టు అడుగులు వేయాలి. బరి చుట్టూ అక్షరాల పలకలు ఉంటాయి. ఏ వరసలో పెట్టారో తెలిసినవాడు ఇంకా పుట్టలేదు. ఇంట్లో ‘బంగారం, నా తల్లీ’ అంటూ గుర్రంతో రోజంతా కబుర్లాడే రౌతు ఇక్కడ నోరు మెదపకూడదు. మాటతో ఉత్సాహపరిచినా, నాలుకతో ‘టక్ టక్’మనిపించినా మార్కులు పోతాయి. మెత్తని రౌతుకు ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని గేటు దగ్గరే లాక్కున్నారన్నమాట.

నోరు మూసుకుంటే గుట్టు దాగుతుందా? అదీ లేదు. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషుల చేత గుర్రాలను ఒకే దారిలో నాలుగుసార్లు నడిపించారు. నాలుగోసారికి ముందు, ‘ఈసారి గుర్రం పక్కన గొడుగు తెరుస్తాం’ అని చెప్పారు. గొడుగు తెరవనేలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దాంతోపాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. గొడుగు మాట గుర్రానికి ఎవరూ చెప్పలేదు మరి. లేని గొడుగుకే ఇంత జరిగితే, ఎదురుగా కళ్లజోళ్లు సర్దుకుంటున్న న్యాయనిర్ణేతలను చూసి రౌతు గుండె కొట్టుకునే చప్పుడు గుర్రానికి ఎలా వినబడుతుందో ఊహించుకోవచ్చు.

ఆ కంగారులో చేతులు బిగుస్తాయి. గుర్రం మూతి చుట్టూ కట్టే పట్టీ కూడా బిగుస్తుంది. నోరు తెరిచి ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అని చెప్పే వీలు లేకుండా చేస్తే చూడటానికి అంతా ప్రశాంతంగానే ఉంటుంది. (మనుషుల్లో కూడా ఈ పద్ధతిని సామరస్యం అనే పిలుస్తారు.) పట్టీకీ ముక్కుకీ మధ్య రెండు వేళ్లు పట్టాలన్నది పాత లెక్క. ఎవరి వేళ్లు అన్నది మాత్రం తేలలేదు. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య చివరికి 2025లో వేళ్లను నమ్ముకోవడం మానేసి, సందు కొలవడానికి పరికరమే తెచ్చింది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, లేని చోట ఏమైందో టోక్యో ఒలింపిక్స్‌లో లోకమంతా చూసింది. ఐదు క్రీడలు కలిపిన మోడర్న్ పెంటాథ్లాన్‌లో అప్పట్లో స్వారీ చేయాల్సింది చీటీ తీస్తే వచ్చిన గుర్రం మీద. పరిచయానికి ఇచ్చే సమయం 20 నిమిషాలు, అంటే మన పెళ్లిచూపుల్లో కాఫీ చల్లారేంత సేపు. అప్పటిదాకా ముందంజలో ఉన్న జర్మనీ క్రీడాకారిణికి సెయింట్ బాయ్ అనే గుర్రం వచ్చింది. అది గంతు వేయనని మొరాయించింది. ఆమె ఏడ్చింది. కోచ్ గుర్రాన్ని పిడికిలితో గుద్ది పోటీ నుంచి బహిష్కరణకు గురైంది. పారిస్ ఒలింపిక్స్ తర్వాత ఆ ఆట నుంచి గుర్రాలనే తీసేసి, వేలాడుతూ దాటే అడ్డంకులు పెట్టారు. కడ్డీలకు ఎవరి గుండె చప్పుడూ వినబడదు.

ఇక తిరిగి రావడమంటే జపాన్ పెద్దాయన హిరోషి హోకెట్సును తలుచుకోవాలి. 1964లో, 23 ఏళ్ల వయసులో, సొంత దేశపు ఒలింపిక్స్‌లో జంపింగ్‌లో దిగి 40వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. తర్వాత కంపెనీ ఉద్యోగం. చూపు మందగించి అడ్డంకుల దూరం అంచనాకు అందకపోయేసరికి డ్రెస్సాజ్‌కు మారాడు. 1988లో సియోల్ వెళ్దామంటే గుర్రానికి క్వారంటీన్ చిక్కు. ఉద్యోగ విరమణ అయ్యాక భార్య జపాన్‌లో ఉండగా, తాను జర్మనీలోని ఆహెన్‌కు చేరి శిక్షణలో పడ్డాడు. ఆ వయసులో మనవాళ్లయితే కాశీకి టిక్కెట్లు చూసుకుంటారు. విస్పర్ అనే ఆడగుర్రంతో 2008లో మళ్లీ ఒలింపిక్స్‌లో ప్రత్యక్షమయ్యాడు, 44 ఏళ్ల విరామం తర్వాత! 2012 లండన్‌లో 71 ఏళ్ల వయసుతో అందరికన్నా పెద్ద క్రీడాకారుడు ఆయనే. తర్వాతి ఒలింపిక్స్ మాటెత్తితే కష్టమేనన్నాడు. తన వయసు వల్ల కాదట, గుర్రానికి వయసు మీద పడుతోందట. అయినా ఊరుకోక మరో గుర్రంతో రియోకు ప్రయత్నించాడు. దానికి ఒంట్లో బాగాలేకపోయేసరికి ఆ ఆలోచన మానుకున్నాడు.

అమెరికాలో స్టేసీ వెస్ట్‌ఫాల్ కప్పుకీ మెత్తదనానికీ మధ్య ఉన్న ఈ తగువును మరోలా తెంపింది. 2006లో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో, జీను లేకుండా, కళ్లెం లేకుండా రెయినింగ్ అనే స్వారీ పోటీలో దిగి గెలిచింది. చేతిలో పగ్గమే లేనప్పుడు గుర్రంతో మర్యాదగా ఉండటం తప్ప మనిషికి దారేముంది?

అందరూ అంత తేటగా దొరకరు. నెదర్లాండ్స్ రౌతు అడెలిండే కోర్నెలిసెన్ 2010లో కెంటకీ ప్రపంచ పోటీలకు పార్జివాల్ అనే గుర్రంతో వెళ్లింది. మధ్యలో గుర్రం నోట్లో రక్తం కనబడింది, నాలుక కొరుక్కుందట. న్యాయనిర్ణేత గంట కొట్టి బయటికి పంపాడు. మళ్లీ వచ్చి 2012 లండన్‌లో వెండి పతకం గెలిచింది. 2016 రియోలో పోటీకి ముందురోజు అదే గుర్రాన్ని ఏదో పురుగు కుట్టింది. తల వాచి, జ్వరం 40 డిగ్రీలు దాటింది. మర్నాటికి జ్వరం తగ్గడంతో, జట్టు కోసం బరిలోకి తీసుకెళ్లింది. కొన్ని అడుగులు వేయించి చూసి ఆపేసింది. వందనం చేసి బయటికి నడిచింది. దేవత అన్నారు కొందరు. అసలు ఎందుకు దిగినట్టు అన్నారు మరికొందరు, కెంటకీ లెక్క కూడా బయటికి తీస్తూ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నెదర్లాండ్స్ జట్టు పతకం లేకుండా నాలుగో స్థానంలో మిగిలింది. ఈసారి మాత్రం గంట కొట్టే పని న్యాయనిర్ణేతకు పడలేదు.