గల్లాపెట్టె నుంచి గద్దె దాకా

ఎన్నికల్లో నిలబడే చిన్న వ్యాపారి జీవితచరిత్ర తోపుడు బండితో మొదలవుతుంది. గోదాములు నాలుగున్నా, లారీలు రెండున్నా, కరపత్రం మొదటి పేజీలో మాత్రం ఆయన బండి పక్కనే నిలబడి ఉంటాడు. బండి లేనివాళ్లకు టీ కెటిల్, అదీ లేనివాళ్లకు పాల క్యాను, ఏదీ దొరకనివాళ్లకు కనీసం తండ్రిగారి కిరాణా కొట్టయినా ఉండాలి. తాతగారి కొట్టు పనికిరాదు. మూడు తరాల వ్యాపారాన్ని జనం కష్టం అనరు, ఆస్తి అంటారు. ఆ తర్వాత వచ్చే వాక్యం అన్ని కరపత్రాల్లోనూ ఒకటే: కొట్టును నష్టం లేకుండా నడిపినవాడు ప్రభుత్వాన్నీ అలాగే నడుపుతాడు. మొదటి సగానికి సాక్ష్యం ఆయన గల్లాపెట్టె. రెండో సగానికి సాక్ష్యం మొదటి సగం.

ఈ సరుకుకు దేశమంతటా గిరాకీ పెరిగింది 2014లో. ఆ జనవరిలో కాంగ్రెస్ నాయకుడు మణిశంకర్ అయ్యర్ నరేంద్ర మోదీ టీ అమ్మిన గతాన్ని ఎద్దేవా చేశారు. ఫిబ్రవరికల్లా బీజేపీ ఆ ఎద్దేవానే తీసుకెళ్లి ‘చాయ్ పే చర్చ’ పేరుతో ఊరూరా టీ కొట్ల ముందు పెట్టింది. ఎదుటి దుకాణం వాడు పారబోసింది ఏరుకొచ్చి పూర్తి ధరకు అమ్మడం నిజంగా వ్యాపార దక్షతే, కాదనలేం. అప్పటి నుంచి సర్పంచి పదవికి పోటీ చేసేవాడు కూడా ఇంట్లో పాత కెటిల్ ఉందేమోనని అటక మీద వెతుకుతున్నాడు.

తెలంగాణలో ఈ విద్యకు పరాకాష్ఠ సిహెచ్. మల్లారెడ్డి. 2014లో తెలుగుదేశం టికెట్ మీద మల్కాజిగిరి ఎంపీ, 2018లో టీఆర్‌ఎస్ నుంచి మేడ్చల్ ఎమ్మెల్యే, 2019 ఫిబ్రవరిలో మంత్రి. ‘పాలమ్మిన, పూలమ్మిన’ అంటూ ఆయన చెప్పుకున్న ఆత్మకథ సభల్లో కంటే ఫోన్లలో ఎక్కువ తిరిగింది. ఇంజినీరింగు, మెడికల్ కాలేజీల అధిపతి నోట పాల మాట విని జనం నవ్వారు. నవ్వినవాళ్లు పేరు మరచిపోరు గదా. 2023లో పార్టీ అధికారం పోగొట్టుకున్నా మేడ్చల్‌లో ఆయన మళ్లీ గెలిచారు. ఈ తరహా కథల కూర్పు చూడదగ్గది. పాలు వస్తాయి, పూలు వస్తాయి, కష్టం వస్తుంది, దాని వెనకే విజయం వచ్చేస్తుంది. క్యాను నుంచి కాలేజీ దాకా వెళ్లాలంటే ఎవరైనా ఎక్కక తప్పని బ్యాంకు మెట్టు, భూమి మెట్టు, అనుమతుల మెట్టు, ఫీజుల మెట్టు కథలో ఉండవు. ఓటరు అడగదలచుకున్నవి సరిగ్గా ఆ నాలుగే.

నిజానికి పాలు పోసి ముఖ్యమంత్రి అయిన మనిషి తెలుగునాట అంతకు ముందే ఉన్నారు. ఎన్.టి. రామారావు కుర్రతనంలో విజయవాడ హోటళ్లకు సైకిల్ మీద పాలు తీసుకెళ్లి పోసేవారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరిలో గెలిచేదాకా సాగిన ప్రచారానికి పాల క్యాను ముడిసరుకు కాలేదు. తెలుగువారి ఆత్మగౌరవం అయింది, కిలో రెండు రూపాయల బియ్యం అయింది. ఆ బియ్యం పథకం ఏ కిరాణా లెక్కకూ లొంగదు. కొన్న ధర కంటే తక్కువకు అమ్మాలి, పైగా డబ్బున్నవాణ్ని వదిలేసి లేనివాణ్ని వెతికి మరీ అమ్మాలి. కొట్టులో గుమాస్తా ఇలాంటి సలహా ఇస్తే సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది. పాల వ్యాపారంలో నేర్చుకున్నదాన్ని పక్కన పెట్టినందుకే రామారావు చేసిన పని జనానికి నలభై ఏళ్లయినా గుర్తుంది.

కొట్టు లెక్కతో దేశాన్ని నడపాలన్న కోరిక మనకే ప్రత్యేకం కాదు. ఇంగ్లండులో గ్రాంథమ్ ఊళ్లో కిరాణా నడిపిన ఆల్ఫ్రెడ్ రాబర్ట్స్ కూతురు మార్గరెట్ థాచర్ 1979లో ప్రధాని అయి, ఇంటి పద్దు తెలిసిన గృహిణికి దేశపు పద్దు తెలియకపోదని ప్రచారం చేశారు. ఖర్చుకు కళ్లెం వేయబోయారు, 1982 జనవరికి నిరుద్యోగులు ముప్పై లక్షలు దాటారు. గిరాకీ లేనప్పుడు కొట్టువాడు పనివాళ్లను పంపించేస్తే వాళ్లు వీధిలోకి వెళ్తారు. దేశం పంపిస్తే వెళ్లడానికి వేరే వీధి లేదు. అమెరికాలో ఇందుకు పూర్తి విరుద్ధంగా జరిగింది. హ్యారీ ట్రూమన్ 1919లో కాన్సాస్ సిటీలో భాగస్వామితో కలిసి మగవాళ్ల దుస్తుల కొట్టు పెట్టి, 1922లో మూసేశారు. ఆ అప్పులు తీరడానికి ఏళ్లు పట్టింది. కొట్టు మూతపడిన ఏడాదే జాక్సన్ కౌంటీ పాలనా పదవికి పోటీ చేసి గెలిచారు, 1945లో అధ్యక్షుడయ్యారు. దివాలాకు దగ్గరగా వెళ్లొచ్చినవాడు కరపత్రంలో ఏం రాసుకోవాలో మన ప్రచార నిపుణులు ఇంకా తేల్చుకోలేదు.

ఇక ఈ కరపత్రం సముద్రం దాటిన చోటుకు, అండమాన్‌లోని మిడిల్ పాయింట్‌కు వద్దాం. పోర్ట్ బ్లెయిర్ నడిబొడ్డున, మహాత్మాగాంధీ రోడ్డులో ఆంత్రోపాలజీ మ్యూజియం ఉన్న పేట ఇది. ఊరి అధికారిక నామం 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అయింది. కొట్ల బోర్డులకు కొత్త రంగు ఖర్చు తగిలింది తప్ప లోపల ఉల్లిపాయ ధర మారలేదు. 2011 జనగణన నాటికి అండమాన్ నికోబార్ ద్వీపాల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి సుమారు పదమూడు మంది, అంటే యాభై వేల చిల్లర. ఎక్కువ మందికి మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి.

ఇక్కడ తోపుడు బండి కథ ఒక్కటే చాలదు, ఓడ కూడా కావాలి. తండ్రి ఏ ఓడ ఎక్కి, ఏ చేతిసంచితో దిగాడన్నది జీవితచరిత్రలో మొదటి అధ్యాయం. 1942లో జపాన్ సైన్యం దిగకముందే వచ్చిన కుటుంబాలను ‘ప్రీ-42’ అంటారు. వాళ్ల ముందు విశాఖ ఓడ దిగినవాడు ఎన్నేళ్లున్నా కాస్త కొత్తవాడే. అందుకని అభ్యర్థి హిందీ సభలో పుట్టు ద్వీపవాసి, తెలుగు సభలో పక్కా సిక్కోలు మనోడు, తమిళుల వీధిలో పాత స్నేహితుడు, బెంగాలీ పేటలో చేపలు కొనే నమ్మకమైన ఖాతాదారు. ఒకే సరుకును నాలుగు పొట్లాలుగా కట్టడం వృత్తిరీత్యా ఆయనకు వచ్చిన పని.

చిక్కంతా పదవి దగ్గర వస్తుంది. మిడిల్ పాయింట్ వ్యాపారి రాష్ట్ర పదవికి పోటీ చేద్దామంటే రాష్ట్రం లేదు. అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతం. శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు, కాబట్టి మంత్రి కాగల ఎమ్మెల్యే కూడా లేడు. రాజ్యాంగం 239వ అధికరణ కింద రాష్ట్రపతి తరఫున పాలకుడు పరిపాలిస్తాడు, 240వ అధికరణ కింద రాష్ట్రపతే నిబంధనలు చేస్తారు. 1982 నుంచి ఆ పాలకుణ్ని లెఫ్టినెంట్ గవర్నర్ అంటున్నారు. ఎంపీ సీటు ఒకటి ఉంది గాని, 1967 దాకా దాన్నీ ఓటర్లకు ఇవ్వలేదు. రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. 1952లో అలా వెళ్లిన మొదటివారు నికోబార్ బిషప్ జాన్ రిచర్డ్‌సన్. అటు పుదుచ్చేరి కింద ఉన్న తెలుగు యానాం ముప్పై చదరపు కిలోమీటర్లు, జనాభా యాభై అయిదు వేలు. దానికి ఎమ్మెల్యే ఉన్నాడు. అండమాన్ తెలుగువాళ్లు దాదాపు అంతమందే ఉండి, ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల ప్రదేశంలో ఎమ్మెల్యే అనే ప్రాణిని టీవీలో చూస్తుంటారు.

శాసనసభ కావాలన్న డిమాండ్ పాతదే, న్యాయమైనదే. దాన్ని అభ్యర్థి వాడుకునే తీరే వేరు. పోటీ మున్సిపల్ వార్డుకు, హామీలు ముఖ్యమంత్రివి. ఓడల సంఖ్య పెంచుతాడు, విమాన టికెట్ ధర దించుతాడు, ఉద్యోగాలు స్థానికులకే ఇప్పిస్తాడు. మొదటిది నౌకల శాఖ పని, రెండోది విమాన కంపెనీలది, మూడోది ఢిల్లీది. కౌన్సిలర్ చేతిలో ఉన్నవి వీధిదీపం, మురుగు కాలువ, చెత్త బండి, కుళాయి నీళ్ల వంతు. వీటి గురించి కరపత్రంలో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే వీటిని చేశాడో లేదో వాకిట్లోకి వచ్చి చూస్తే తెలిసిపోతుంది. ‘నేడు నగదు, రేపు అరువు’ అన్న బోర్డును కొట్టు గోడకు కొట్టినవాడికి మేనిఫెస్టో రాయడం వేరే నేర్పక్కర్లేదు.

పార్టీల రాక ఈ వార్డుల విలువ పెంచింది. 2022 మార్చిలో జరిగిన పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ ఎన్నికల్లో 24 వార్డులకు గాను తెలుగుదేశం రెండు గెలిచింది. బీజేపీకి, కాంగ్రెస్‌కు ఒంటరి మెజారిటీ లేకపోయేసరికి ఆ రెండు సీట్లు బంగారమయ్యాయి. 2023 మార్చిలో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి బీజేపీ మద్దతుతో చైర్‌పర్సన్ అయ్యారు. లోక్‌సభ లెక్కా చిన్నదే. 2019లో కాంగ్రెస్‌కు చెందిన కుల్‌దీప్ రాయ్ శర్మ గెలిచింది 1,407 ఓట్ల తేడాతో. ఇలాంటి అంకెలు చూసిన వ్యాపారికి కొత్త వ్యాపారం కనబడుతుంది: గెలవాల్సిన పని లేదు, నామినేషన్ వేసి ఉపసంహరణ గడువు దాకా ఓపిగ్గా కూర్చుంటే బేరం తనంతట తనే వస్తుంది. సరుకు గోదాములో పెట్టి ధర పెరిగేదాకా ఆగడం ఆయనకు తెలియనిదా?

నామినేషన్ దగ్గర చట్టం ఒక చిన్న ముల్లు నాటింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసేందుకో, పనులు చేసేందుకో కుదుర్చుకున్న కాంట్రాక్టు నడుస్తూ ఉన్నవాడు పార్లమెంటుకు అనర్హుడు. ద్వీపాల్లో అతి పెద్ద ఖాతాదారు ప్రభుత్వమే. కాబట్టి స్వయంకృషితో పైకొచ్చిన వ్యాపారుల్లో ఆ స్వయంకృషికి టెండర్ నంబరు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. అయితే తెలుగు కుటుంబ వ్యవస్థ గట్టిది. నామినేషన్ వారంలో బావమరిది హఠాత్తుగా సివిల్ కాంట్రాక్టర్ అవుతాడు, వంటింట్లోంచి కదలని ఇల్లాలు సిమెంటు డీలర్ అవుతుంది. 2003 నుంచి అఫిడవిట్‌లో భార్యాభర్తల ఆస్తులూ చూపించాలి గాని, బావమరిది ఆస్తుల గడి అందులో లేదు. అభ్యర్థి చేతిలో మిగిలేది కరపత్రంలోని తోపుడు బండి ఒక్కటే, అదీ ఫొటోలో.

ప్రభుత్వాన్ని కొట్టులా నడుపుతానన్న మాటను మిడిల్ పాయింట్‌లో ఎవరైనా నిజంగానే నమ్మి అమలు చేస్తే ఏమవుతుందో చూడడం కష్టం కాదు. ద్వీపాల కరెంటులో అధిక భాగం మెయిన్‌లాండ్ నుంచి ఓడలో వచ్చే డీజిల్‌తో తయారవుతుంది. యూనిట్‌కు అయ్యే ఖర్చులో కొద్ది భాగమే బిల్లులో వసూలవుతుంది, తక్కినది కేంద్ర ఖజానా భరిస్తుంది. నష్టం ఇష్టంలేని యజమాని మొదటి రోజే ఈ స్విచ్ ఆర్పాలి. ద్వీపవాసులకిచ్చే ఐలాండర్ కార్డు చూపిస్తే రాయితీ ధరకు దొరికే ఓడ టికెట్టు రెండో రోజు పోవాలి. ఐదువందల కిలోమీటర్ల పైన దక్షిణాన ఉన్న క్యాంప్‌బెల్ బేకు నడిచే ఓడ ఏ జన్మకూ లాభం చూడదు, మూడో రోజు అదీ ఆగాలి. వేసవిలో ఊరికి నీళ్లిచ్చే ధనికారి ఆనకట్ట అడుగంటి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినప్పుడు, కొరత ఉన్న సరుకుకు ధర పెంచడం బజారు నియమం కనుక బిందెకు రేటు కట్టాలి. నాలుగో రోజు పొద్దున అభ్యర్థిగారి కొట్టు తెరుచుకోదు. ఫ్రిజ్‌లో పాలు విరిగి ఉంటాయి, సరుకు హార్బర్‌లో ఉంటుంది, పనికుర్రాడు నీళ్ల లైన్లో ఉంటాడు. ముప్పై ఏళ్లు నష్టం లేకుండా నడిచిన ఆ కొట్టు నష్టాన్ని ఎవరు మోశారో అప్పుడు తెలుస్తుంది. ఇదేమీ సిగ్గుపడాల్సిన సంగతి కాదు; సముద్రం మధ్య ఎవరి వ్యాపారమైనా అలాగే నడుస్తుంది. తలెత్తుకుని ఓట్లడగడానికి మాత్రం చాలదు.

ఖర్చు విషయంలో చట్టం ఉదారంగానే ఉంది. అండమాన్ లోక్‌సభ అభ్యర్థికి 2022 నుంచి పరిమితి 75 లక్షలు. డిపాజిట్ 25,000 రూపాయలు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది తిరిగి రాదు. బరువు తగ్గితే సొమ్ము పోయే తక్కెడ ఆయన కొట్టులో ఎన్నడూ లేదు గనుక ఈ నియమం మొదట్లో అన్యాయంగా తోస్తుంది. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి, గెలిచినవాడైనా ఓడినవాడైనా. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే అదే ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఎ సెక్షన్ కింద ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు అనర్హుణ్ని చేస్తుంది. పైసా తేడా రాకుండా ఖాతా రాస్తానని సభ సభకూ చెప్పిన అభ్యర్థి ఆ ముప్పై రోజుల్లో రెండు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటాడు, ఏది అధికారికివ్వాలో తేల్చుకోవడానికి.