మా సముద్రానికి చెక్కబాట

నల్లగొండలో పుట్టినవాడికి సముద్రం మీద మోజుండటం తప్పు కాదు. డిసెంబరు చలిలో, పొద్దున ఐదున్నరకు, ఎన్.జి. కాలేజీ గ్రౌండులో రెండో రౌండుకే ఆయాసపడుతున్న పది మంది ముందు ఆ మోజు బయటపెట్టడం మాత్రం తప్పే. మా వాకింగ్ బ్యాచ్‌లో ఆ తప్పు చేసింది రిటైర్డు బ్యాంకు మేనేజరు సారు.

ఆయన ఆర్నెల్లు న్యూజెర్సీలో కొడుకు దగ్గరుండి వచ్చారు. వచ్చిన నాటి నుంచీ ఒకటే మాట: అట్లాంటిక్ సిటీ. అక్కడ సముద్రం ఒడ్డు పొడుగునా చెక్కలు పరిచిన బాట ఉందట. 1870లో వేశారట. బీచికి పోయొచ్చిన జనం కాళ్లకంటిన ఇసుకంతా హోటళ్లలోకీ రైలు డబ్బాల్లోకీ తెచ్చి పోస్తుంటే, ఆ బాధ పడలేక చెక్కలు పరిచారట. ఇసుక ఎక్కువై బాధపడే జనం కూడా ఉంటారా అని మా కిరాణం సేటు నోరు తెరిచాడు. ఇంటి పనికి ట్రాక్టరు ఇసుక కోసం ఆయన నెల రోజులుగా తిరుగుతున్నాడు మరి.

మాది పదకొండు మంది బ్యాచ్. అందరి వయసులూ కూడితే ఏడు వందల పైమాటే. మోకాళ్లు ఇరవై రెండు. వాటిలో సరిగ్గా పనిచేసేవి తొమ్మిది. ఈ సరంజామాతో బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి పోదామని మేనేజరు సారు ప్రతిపాదన. రైలెక్కి గుంటూరు దాకా, అక్కణ్నుంచి ఇంకో రైలు, ఆ తర్వాత ఆటో. దారిలో బాత్రూములెక్కడున్నాయనే చర్చ రెండు రోజులు నడిచింది. మూడో రోజు రిటైర్డు తహసీల్దారు సారు తీర్పు చెప్పారు:

"ఓ మేనేజరు సాబ్, సముద్రం చూసెటందుకు బాపట్ల దాకా ఎందుకయ్యా? పానగల్లుల లేదా సముద్రం?"

ఉంది. ఉదయసముద్రం. కందూరు చోడులు పానగల్లు రాజధానిగా ఏలిన నాటి చెరువు. ఉదయ చోడుడి పేరు పెట్టుకుంది. మన దిక్కు పెద్దలకు నీళ్లు కరువే గాని పేర్లకు కరువు లేదు. ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కంటికానకపోతే చాలు, సముద్రం. పాలమూరు దిక్కు పోతే ఘనపురంలో గణపసముద్రం. ఆ తర్వాతి వాళ్లు కొంచెం తగ్గి సాగర్ అన్నారు: కోయిల్‌సాగర్, నాగార్జునసాగర్. వనపర్తి రాజా వారు తల్లి పేరు మీద కట్టించిన సరళాసాగర్‌కు సైఫన్లున్నాయి. చెరువు నిండిందంటే గేటెత్తే మనిషితో పనిలేకుండా నీళ్లు వాటంతట అవే దుంకుతాయి. మా ఎల్.ఐ.సి. ఏజెంటు నోరు కూడా అదే టెక్నిక్కు.

నదులన్నీ పోయి సముద్రంలో కలుస్తాయని చిన్నప్పుడు చదువుకున్నాం. కృష్ణమ్మ హంసలదీవి దగ్గర కలుస్తుంది, నిజమే. కానీ దానికి ముందే కొంత కృష్ణ పుట్టంగండి దగ్గర మోటార్లెక్కి, అక్కంపల్లి రిజర్వాయరులో కాసేపు ఆగి, కాలువ పట్టుకుని వచ్చి మా సముద్రంలో కలుస్తుంది. పల్లానికి పోయి సముద్రంలో పడటం ఏ నదైనా చేస్తుంది. గుట్టెక్కి వచ్చి పడటం మా దగ్గరే. అది విన్నాక సూర్యలంక మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సంక్రాంతి ముందటి ఆదివారం. ఆరింటికి క్లాక్ టవర్ దగ్గర కలవాలి. ఆరున్నరకు ముగ్గురం, ఏడింటికి ఏడుగురం అయ్యాం. మిగతా నలుగురూ ఎదురుగా చాయ్ బండి దగ్గర గంట నుంచీ మా కోసమే ఎదురుచూస్తున్నారట. మంకీ టోపీల్లో ఎవరు ఎవరో తెలియక పలకరించలేదట. అక్కణ్నుంచి పానగల్లు నాలుగు కిలోమీటర్లుంటుంది. రెండు ఆటోలు మాట్లాడుకున్నాం. నడవబోయే వాళ్లకు ఆటో ఎందుకని అడగకండి. రోజూ గ్రౌండుకు స్కూటర్ల మీద వచ్చి రౌండ్లు కొట్టే జాతి మాది.

డ్రిల్లు మాస్టారి చేతికి అల్లుడు కొనిచ్చిన స్మార్ట్ వాచీ ఉంది. రోజుకు పదివేల అడుగులు పూర్తయితే గుర్రుమని వణుకుతుంది. ఈ పదివేల లెక్క ఏ డాక్టరో తేల్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మకానికి పెట్టి, దానికి పదివేల అడుగుల మీటరని అర్థం వచ్చే పేరు పెట్టింది. సరుకు పేరు కాస్తా ఆరోగ్య సూత్రమై కూర్చుంది. ఈ సంగతి నేను ఆటోలో చెబుతుండగానే మాస్టారు వాచీ చూసుకుని పొంగిపోయారు. కుదుపులకే పదహారు వందల అడుగులు పడ్డాయట. గుంతల్లేని రోడ్డయితే మూడొందలు కూడా వచ్చేవి కావని ఆయన లెక్క.

కట్ట ఎక్కేసరికి ఎండ ఇంకా ముదరలేదు. నీళ్ల మీద పొగమంచు పాలమీగడలా పేరుకుని ఉంది. అవతలి ఒడ్డు లేదు. అంటే సముద్రమే. పదకొండు మందిమీ వరసగా నిలబడి, చేతులు చంకల్లో పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా నీళ్లలోకి చూస్తూ ఉండిపోయాం. తెప్ప మీద వల తీసుకుంటున్న మనిషి మమ్మల్ని చూసి వల వదిలేసి, గబగబా ఒడ్డుకు వచ్చాడు.

"ఎవలన్న మునిగిండ్రా సారూ?"

"లేదయ్యా. వాకింగ్‌కు వచ్చినం."

ఆయన మమ్మల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "వాకింగా? మరి నిలవడ్డరేంది?"

ఆ మాటకు సిగ్గుపడి నడిచాం. ఎంత దూరమో చెబితే మీరు నవ్వుతారు. కట్ట మీద నీడ కనబడిన మొదటి వేపచెట్టు దాకా.

చెట్టు కింద మా ఆవిడ ఇచ్చిన స్టీలు డబ్బా తెరిచాను. తపాలచెక్క. వరంగల్ దిక్కు సర్వపిండి అంటారు. పేర్ల పంచాయితీ మనకొద్దు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కల్యామాకు, దంచిన పచ్చిమిర్చి వేసి తడుపుతారు. తపాల లోపల అడుగుకూ గోడలకూ అరచేత్తో అద్ది, వేలితో బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో చుక్క చుక్క నూనె వదిలి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచుతారు. పైన మెత్తగా, కింద ఎర్రగా కరకరలాడుతూ వస్తుంది. ఆ ఎర్రటి అడుగు కోసం పెద్దమనుషులు పసిపిల్లల్లా కొట్లాడుకున్నారు. ఆ రోజు నేను నిజాయితీగా లెక్క చెప్పగల అడుగు అదొక్కటే.

"మీ అట్లాంటిక్‌ల చెక్కలు కాళ్ల కింద పరుస్తరు సాబ్. మా దగ్గర నోట్లె పెట్టుకుంటం," అన్నారు తహసీల్దారు సారు. మేనేజరు సారు ఏదో జవాబు చెప్పబోయి, చెక్క అంచు కొరికి, ఆగిపోయారు. చెంప పట్టుకున్నారు. నాలుగు నెలల కింద కట్టించిన పన్ను చేతిలోకి వచ్చింది. ఆర్నెల్లు తడి చెక్కల మీద నడిచినా ఆయనకు కాలు జారలేదు. ఇక్కడ పొడి చెక్క తింటే పన్ను జారింది.

పన్ను రుమాల్లో మూటగట్టుకుని పక్కనే ఉన్న ఛాయాసోమేశ్వరాలయానికి పోయాం. త్రికూటాలయం. అందులో ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. ఒక్క స్తంభం నీడ కాదది. మండపం స్తంభాల వల్ల వెలుగు తలా ఓ దిక్కు నుంచి లోపలికి వచ్చి, మధ్యలో నీడ పట్టీని మిగులుస్తుంది. మండపంలో మనం నిలబడినా మన నీడ ఆ గోడ మీద పడదంటారు. అయినా పదకొండు మందిమీ ఒక్కొక్కరం నిలబడి, చెయ్యూపి, టోపీ తీసి పరీక్షించాం. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతున్నా కదలని ఆ నీడను చూస్తుంటే మా డ్రిల్లు మాస్టారికి వాకర్లంటే గౌరవం పెరిగిందట. మనకన్నా కదలనిది ఇంకోటుందన్న ధైర్యం కావచ్చు.

తిరుగు ప్రయాణం కూడా ఆటోలోనే. క్లాక్ టవర్ దగ్గర దిగేసరికి వాచీ గుర్రుమంది. పదివేలు పూర్తి.

వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. మీరూ రండి. ఆరింటికి క్లాక్ టవర్ దగ్గర, అంటే ఏడింటికి. మంకీ టోపీ మీద పేరు రాసుకుని రండి. తపాలచెక్క తెచ్చేవాళ్లు కొంచెం మెత్తగా చేయించుకుని తెండి. మేనేజరు సారు కూడా వస్తున్నారు.