ఎండిన చెరువున పడవల పందెము

మా కొత్తచెరువు ప్రాంతమున ధర్మకార్యమునకు చందా పోగుచేయుట దుస్సాధ్యము కాదు. గుడి యన్నను, అన్నదాన మన్నను, వేరుసెనగ ఊడ దిగకయే మాడిపోయిన యేటను గూడ రైతు రొంటిముడి విప్పక మానడు. కాని, ఇక వైద్యము ఫలింపదని పెద్దాసుపత్రులు ఇంటికి పంపివేసిన రోగికి నొప్పి తగ్గించి, పుండ్లు కడిగి, కడపటి దినములయందు చెంత గూర్చుండి మాటలాడు హాస్పిస్ కొరకు చేయి సాచినచో మాత్రము, "బతికించేదానికైతే ఇస్తాము గానీ, సచ్చేదానికి చందా యేందప్పా?" యను ప్రశ్న ఎదురగును. 1967లో లండను నగరమున సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించి, నొప్పిని మాన్పుటయు వైద్యమే యని లోకమునకు చాటెననియు, హైదరాబాదున బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువారు 2011లో నెలకొల్పిన స్పర్శ్ హాస్పిస్‌లో రోగులవద్ద పైస పుచ్చుకొనరనియు నేను సుదీర్ఘముగా ఉపన్యసించితిని. సభికులు శ్రద్ధతో విని, టీ త్రాగి, ఇండ్లకు పోయిరి.

ఉపన్యాసమునకు రాలని రూకలు వేడుకకు రాలునని గ్రహించిన మా విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, మరుసటి సభలో, "కుమారుని చూడబోయినప్పుడు కంటిని, ఇంగ్లండులో జట్లుజట్లుగా పడవలు నడిపి హాస్పిస్‌లకు నిధులు కూర్చుచున్నారు, మనమును ఆ పని చేయుదము" అని గంభీరముగా ప్రతిపాదించిరి. వెనుక వరుసనుండి ఒక వృద్ధ కర్షకుడు లేచి, "పడవలు సరే సార్, నీళ్లు యాడుండాయి?" అనెను.

కాదనరాని ప్రశ్న. నైరుతి మేఘములు పడమటి కనుమలకే సర్వస్వము సమర్పించి మాయొద్దకు రిక్తహస్తములతో వచ్చును. ఈశాన్యపు మేఘములు కోస్తాతోనే చుట్టరికము ముగించుకొని, దూరపు బంధువుల వలె మాకు శుభలేఖ మాత్రము పంపును. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు ఈ సీమలో, హంద్రీ-నీవా నీరు చేరినప్పుడో, చిత్రావతి కరుణించినప్పుడో తప్ప, చెరువనగా ముళ్లకంప పెరుగు మైదానమే.

అంతట నేను ఆస్ట్రేలియాను శరణు జొచ్చితిని. ఆ ఖండము నడుమ, ఎడారిలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమున, ఇంగ్లండులోని హెన్లీ పడవల పోటీని పరిహసించుచు 1962లో 'హెన్లీ ఆన్ టాడ్' అను పందెము వెలసినది. టాడ్ నది యెండిన యిసుకలో, అడుగులేని పడవల నడుమ నిలిచి, వానిని చేతులతో నెత్తిపట్టుకొని, జట్లవారు కాళ్లతో పరుగెత్తుదురు. నిర్వహణము రోటరీవారిది, రాబడి ధర్మకార్యములకు. 1993లో ఆ పందెము రద్దయినది; కారణము, నదికి నీరు వచ్చుట.

ఈ కథతో సభకు ప్రాణము లేచివచ్చెను. వెదురు చట్రములకు గోనెపట్టలు కట్టి పడవలు చేయవలెననియు, ఒక్కొక్క పడవను ఒక్కొక్క వీధివారు మోయవలెననియు, జట్టు వేసిన అడుగులు లెక్కించి అడుగునకు రూపాయి చొప్పున బంధుమిత్రులు చెల్లింపవలెననియు, ఉరుములవారి వాద్యము పరుగునకు ఊపు నియ్యవలెననియు నిశ్చయమయ్యెను. పందెపు దారికై ముళ్లకంప కొట్టక తప్పదు గనుక, ఎన్నియో అర్జీలకు లొంగని చెరువు బాగుపాటు ఉచితముగా లభించును. హాస్పిస్‌కు వలసినది నొప్పి నెరిగిన నర్సు, మార్ఫీను, పల్లెలకు పోవు జీపు గాని, అలలు గావు గదా!

"ఆ దినము వాన కురిసినచో?" అని కార్యదర్శి సందేహించెను. "పందెము రద్దు, చందా వాపసు ఇయ్యబడదు" అని ప్రధానోపాధ్యాయులు తీర్మానము వ్రాయించిరి.

వృద్ధ కర్షకుడు మరల లేచి, "అట్లయితే నా పేరు మీద రెండింతలు రాసుకోండి సార్. పందెం రద్దు కావాలని కదిరి నరసింహస్వామికి మొక్కుకుంటా" అనెను.