నా పంచెపై చలనచిత్రోత్సవము

ఆంధ్రదేశము దక్షిణమున ఎక్కడ ముగియునని అడిగినవారికి నేను భూగోళపటము చూపను. మా తడ స్టేషనులో ప్యాసింజరు ఎక్కి, తరువాతి స్టేషనైన ఆరంబాకమున దిగి, అచ్చటి టీకొట్టువాడు ఏ భాషలో చిల్లర లేదనునో విని రమ్మందును. చిత్రపరిశ్రమ చెన్నపట్టణమున వర్ధిల్లిన కాలమున నటులు కాగోరి ఉత్తరమునుండి రైలెక్కిన కుర్రవారందరును మా యూరి మీదుగానే పోయిరి. వేషములు దొరకనివారు మా యూరి మీదుగానే తిరిగి వచ్చిరి. పోవునపుడు కిటికీకి ముఖమును, వచ్చునపుడు కిటికీకి వీపును కనబడుటయే వారిలో భేదము. పెద్దబండ్లేవియు మా యూర నాగెడివి కావు గనుక చలనచిత్రకళతో మా తడకు గల సంబంధమెల్ల, వెలుగుచు కదలిపోవు కిటికీల వరుసను గట్టుపై నిలుచుండి చూచుటయే. ఆలోచించినచో చలనచిత్రమనగా అదియే కదా!

ఆ కిటికీలలో ఒకదాని చెంత నేనును ఇరువదియవ యేట కూర్చుండి పోయితినను సంగతి మా యింటివారు నేటికిని నన్ను మరువనిచ్చుటలేదు. కోడంబాకమున ఒక స్టూడియో గేటువద్ద మూడు దినములు నిలుచుండి, కాపలావానితో గాఢస్నేహము తప్ప మరే ప్రయోజనమును సాధింపక, నాలుగవనాడు స్వగ్రామము చేరి, తెలుగు పండితుడనై, ముప్పదియేండ్లకు పైగా సంధులును సమాసములును బోధించి విశ్రాంతి నొందితిని. అట్టి నన్ను, మా సమీపమున ఒక ఉన్నతపాఠశాలవారు తలపెట్టిన విద్యార్థుల షార్ట్ ఫిల్మ్ ఫెస్టివలునకు న్యాయనిర్ణేతగా ఎన్నుకొనుటకు కారణమేమని విచారింపగా, "సినిమా ఫీల్డుకు పొయ్యొచ్చినోళ్లు ఈ చుట్టుపక్కల మీరొక్కరే గదా సార్" అని తొమ్మిదవ తరగతి బాలుడొకడు సెలవిచ్చెను. గేటువరకు పోవుట ఫీల్డుకు పోవుట యగునా యను శంకను నేను లేవనెత్తలేదు. గౌరవము తనంత తాను గడప తొక్కినపుడు వ్యాకరణము అడ్డు రాకూడదు.

వచ్చినవారు గౌరవముతో సరిపుచ్చక, తెరకొక తెల్లని గుడ్డ కావలెననిరి. సూళ్లూరుపేట చెంత 2019లో తెరచిన సినిమాహాలులో తెర వెడల్పే సుమారు 100 అడుగులనియు, ఆసియాలోనే మిక్కిలి పెద్ద తెరలలో నదియొకటనియు జనులు పొరుగు జిల్లాలనుండి వచ్చి చూచి పోవుచుండగా, మా బాలుర కళావైభవమునకు నా యెనిమిది మూరల పంచె గతియయ్యెను. ఉతికిన పంచెనే యిచ్చితిని. కాని నడుమకు కొంచెము పైగా, ఏనాటిదో చారు మరక యొకటి రూపాయి బిళ్లంత పరిమాణమున, సబ్బును లెక్కసేయక నిలిచియున్నదని తెర కట్టువరకు నాకును తెలియదు. ఆనాడు చూపిన పదునేడు చిత్రములలోను ఆ మరక నటించినది: ఒకదానిలో కథానాయకుని నుదుట తిలకమై, ఒకదానిలో పున్నమచంద్రుడై, వేరొకదానిలో మరణశయ్యపైనున్న తల్లి చెంపమీద పుట్టుమచ్చయై, ఏ పాత్రలో ప్రవేశపెట్టినను ఆ పాత్రకు తగినట్లే యుండెను. ఉత్తమ సహాయపాత్రకు బహుమానము ఏర్పరచియుండినచో నా వోటు దానికే.

ప్రారంభోపన్యాసము నాది. రెండు రాత్రులు మేలుకొని సిద్ధము చేసితిని. 1895లో పారిసునందు లూమియేర్ సోదరులు చూపిన చిత్రములలో ఒక్కటియు నిమిషము దాటలేదనియు, మరుసటి యేట జూలై 7న బొంబాయి వాట్సన్ హోటలులో మన దేశమున తొలిసారి ప్రదర్శింపబడినవియు అట్టి పొట్టి చిత్రములే యనియు, కావున లఘుచిత్రము నిన్న పుట్టిన శిశువు కాదు, సినిమాలకెల్ల ముత్తవ్వ యనియు చెప్పితిని. 1936లో చిత్తజల్లు పుల్లయ్యగారు పిల్లలచేతనే వేషములు కట్టించి 'సతీ అనసూయ', 'ధ్రువవిజయము' అను రెండింటిని తీసి కలిపి చూపిరనియు, 1955లో కేంద్రప్రభుత్వము బాలల చిత్రసమితిని నెలకొల్పెననియు, ఆ సమితి జరుపుచు వచ్చిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవమునకు 1995 నుండి హైదరాబాదు స్థిరస్థానమయ్యెననియు, అందు స్వర్ణగజము బహుమానమనియు, పిల్లలు తామే తీసిన చిత్రములకై 'లిటిల్ డైరెక్టర్స్' అను విభాగము సైతము పిదప ఏర్పడెననియు చెప్పబోవుచుండగా, సోషలు మాస్టరుగారు చీటీ యొకటి అందించిరి: "సార్, పదింటికి రాకెట్టు. పిల్లోళ్లు నిలవరు." స్వర్ణగజమును హైదరాబాదులోనే కట్టివేసి, నేను కూర్చుంటిని.

చిత్రము ఐదు నిమిషములకు మించరాదని నియమము. ఆ ఐదింటిలో రెండు నిమిషములు నిర్మాణసంస్థ చిహ్నమునకును, పొగ త్రాగువాడెవ్వడును లేని కథలో పొగ త్రాగరాదను హెచ్చరికకును, ఫోను నిచ్చిన అక్క మొదలు ఆటో నిచ్చిన మామ వరకు పేరుపేరున తెలుపు కృతజ్ఞతలకును చెల్లిపోవుచుండెను. శేషించిన మూడు నిమిషములలో పదకొండు చిత్రములందు తండ్రి త్రాగుబోతు, తొమ్మిదింట తల్లి కాలధర్మము నొందును, ఏడింట కొడుకు కలెక్టరగును. త్రాగుబోతు వేషము కాటుక మీసము పెట్టుకొన్న ఏడవ తరగతి బాలునిది. కలెక్టరు వేషము నిజమైన మీసము గల హెడ్మాస్టరుగారిది. కలెక్టరైన కొడుకు, కన్నతండ్రికంటె నలువదియేండ్లు పెద్దవాడుగా కనబడుచున్నను సభలో నెవ్వరును ఆక్షేపింపలేదు. చిత్రవధ యను సమాసమునకు నేను తరగతిలో చెప్పుచు వచ్చిన విగ్రహవాక్యము వేరు. తొమ్మిదిన్నర గంటలకు నాకు తోచినది వేరు.

అయినను ఒకటి చెప్పవలెను. ఇద్దరు బాలికలు, ఆకాశము నుండి కెమెరా దిగివచ్చు దృశ్యము కావలెనని, ఉపాయాంతరము లేక, ఫోనును బావి బొక్కెనలో వెల్లకిల పరుండబెట్టి చేదతాటితో క్రిందికి దించిరి. పంచెపైన గుండ్రని ఆకాశము పళ్లెమంతై, అప్పచ్చియంతై, తుదకు బొట్టుబిళ్లంతై పోవుచుండ, గట్టుపైనుండి వంగి చూచు నాలుగు తలలు "మెల్లింగా వదలవే, అది మా అక్కది!" అని ఆక్రోశించుచుండెను. ఆ చిత్రమునకు కథ లేదు. ఫోను మరల పైకి వచ్చునా రాదా యని సభయెల్ల ఊపిరి బిగబట్టినది. కలెక్టరుకొరకు ఎవ్వరును అట్లు బిగబట్టలేదు.

పదమూడవ చిత్రము పేరు 'మా రాకెట్టు'. తీసినవాడు భీములవారిపాలెము రేవునుండి వచ్చు ఎనిమిదవ తరగతి బాలుడు. అట్టముక్కలు చుట్టి, వెండిరంగు కాగితము అంటించి, అడుగున చిచ్చుబుడ్డి అమర్చిన నాలుగడుగుల రాకెట్టు పులికాటు సరస్సులో పడవ ముక్కున నిలబడియున్నది. మోకాళ్లు దాటిన తండ్రి చొక్కా తొడిగిన శాస్త్రజ్ఞుడు పదినుండి ఒకటివరకు వెనుకకు లెక్కించెను. చిచ్చుబుడ్డి బుస్సుమనెను. రాకెట్టు ఎగయుటకు బదులు, పెద్దలకు నమస్కరించునట్లు మెల్లగా ముందునకు వంగి నీట పడెను. దూరమున మేయుచున్న సముద్రపు రామచిలుకలలో ఒక్కటియు తల ఎత్తలేదు.

సరిగా ఆ క్షణముననే కిటికీ రెక్కలు దడదడలాడెను. సరస్సుకు ఆవలి గట్టున శ్రీహరికోటవారి రాకెట్టు లేచినది. రెండువందల మంది విద్యార్థులును, ఉపాధ్యాయులును, తోడి న్యాయనిర్ణేతలిద్దరును, కలెక్టరుగారును ఒక్క పెట్టున వెలుపలకు పరుగెత్తిరి. మోకాళ్ల నొప్పిచేత నేను లేవలేకపోతిని. నేను లేచునప్పటికి మామూలుగా రాకెట్టు కక్ష్యలో ఉండును. చూచితిని గదా, ప్రొజెక్టరు ప్రక్క ఆ బాలుడును కదలక నిలుచుండెను.

"నువ్వు పోలేదేమిరా?" అంటిని.

"అది ఎప్పుడూ పోతానే ఉంటాది సార్. నా సినిమా మళ్లా ఎవురేస్తారు?"

"నీది నీళ్లలో పడినదేమి?"

"1979లో కలాం సార్ వాళ్లదీ సముద్రంలోనే పడింది సార్. మళ్లా ఏడు బాగా పొయ్యింది. మాకు మళ్లా తీసేదానికి అట్ట లేదు, అంతే."

తేదీలు సరియైనవే. ఎస్.ఎల్.వి.-3 తొలిసారి 1979 ఆగస్టు 10న లేచి బంగాళాఖాతమున పడెను. 1980 జూలై 18న రోహిణిని కక్ష్యలో నిలిపెను. నా యుపన్యాసములోని తేదీలన్నింటికంటె ఈ రెండే ఆనాటి సభకు పనికివచ్చునవి. కాని సభ వెలుపల నుండెను. లోపల మేమిద్దరము, పంచెపైన ఒక మునిగిన రాకెట్టు, దానిపై సూర్యునివలె చారు మరక. కడపటి దృశ్యమున శాస్త్రజ్ఞుడు చొక్కా విప్పి, నీట దూకి, తడిసిన అట్టను భుజమున వేసికొని గట్టెక్కెను. ఆ దృశ్యమును చూచినవాడను నేనొక్కడనే. న్యాయనిర్ణేతకు కావలసిన యర్హత చలనచిత్రశాస్త్రము కాదు, చివరివరకు లేవకుండ కూర్చుండుట యని నాకు అప్పుడు బోధపడెను. ఆ యర్హత నాకు మోకాళ్లవలన సిద్ధించినది.

నిర్ణయసభలో, బహుమతుల స్టీలు టిఫిను డబ్బాలు దానమిచ్చిన వస్త్రవ్యాపారియు, లెక్కల ఉపాధ్యాయినియు ఒకవైపు, నేనొకవైపు. రెండింటికి ఒకటి తక్కువయని లెక్కల ఉపాధ్యాయినితో వాదింపజాలక సంతకము చేసితిని. ప్రథమబహుమతి కలెక్టరుకు, ద్వితీయము బావి బొక్కెనకు, రాకెట్టుకు మూత బిగుసుకొనని చిన్నడబ్బా.

పంచె మరునాడే తిరిగి వచ్చినది. నాలుగు మూలల నాలుగు మేకుల చిల్లులున్నవి; మరక యథాస్థానమున నున్నది. వచ్చే యేటికి 'మా రాకెట్టు' రెండవ భాగము తీయుచున్నానని, తెరకు అదే పంచె కావలెనని ఆ బాలుడు కబురు పంపినాడు. మా యింటి ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టెను, ఇంటివారెంత వారించినను పారవేయనీయక, పంచెతోపాటు అటకపై భద్రపరచి యుంచితిని.