నాలుగు సెట్ల బాబు

బందరులోనైనా, గుడివాడలోనైనా, డీఎస్సీ కోచింగులకు పేరుపడ్డ అవనిగడ్డలోనైనా కాలేజీ ఉన్న వీధిలో ఈయన తప్పకుండా తగులుతాడు. వయసు ఇరవై కావచ్చు, నలభై కావచ్చు. చేతిలో ఉన్నది ఎంబీఏ ప్రాజెక్టు కావచ్చు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం కావచ్చు. ఐడీ కార్డు తాడుకే పెన్‌డ్రైవు కట్టుకుని తిరుగుతాడు. దాని మూత ఎప్పుడో పోయింది. లోపల ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ సార్ చూసింది’, ‘ఇదే ఫైనల్’, ‘ఇదే ఫైనల్ కొత్తది’ అని అయిదు ఫైళ్లుంటాయి. వీటిలో ఏది ఫైనలండీ అనడిగితే నొచ్చుకుంటాడు. చివరికి ఏదో ఒకటి తెరిపించి, ‘ఎందుకైనా మంచిది, నాలుగు సెట్లు తియ్యన్నా’ అంటాడు. క్యూలో వెనకున్నవాళ్లు ఆయన్ని కంప్యూటరు తెలియని బైతు కింద జమకడతారు. అది అన్యాయం. ఆయన అనుమానం నూటికి నూరుపాళ్లు సబబైనది. ఆ అనుమానానికి ఆయన చేసుకుంటున్న వైద్యమే తప్పు.

అనుమానం ఎందుకు సబబో ముందు చూద్దాం. యూనివర్సిటీ, కాలేజీ ల్యాబుల్లో చాలాచోట్ల ఒక ఏర్పాటు ఉంటుంది: కంప్యూటరు ఆపి మళ్లీ వేస్తే, మధ్యలో చేరినవన్నీ తుడిచిపెట్టుకుపోయి పాత స్థితికి వచ్చేస్తుంది. వందలమంది వాడే మెషీన్లకు అది మంచి మందే. కానీ డెస్క్‌టాప్ మీద ఊరూ ఇంటిపేరూ కలిపి ఫోల్డరు పెట్టుకుని, అది తన సొంత బీరువా అనుకున్నవాడి సంగతేమిటి? కరెంటు ఒక్కసారి పోయి వస్తే బీరువా ఖాళీ. పోనీ పెన్‌డ్రైవు ఉందిగా అంటారా, అది ఊళ్లో ఉన్న ప్రతి కంప్యూటరు వైరస్సునీ పలకరించి వచ్చిన శాల్తీ. ఫైళ్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి కనిపించే వైరస్సు ఒకటుంది. అసలు ఫైళ్లు పోవు, దాక్కుంటాయంతే. ల్యాబ్ అసిస్టెంటు రెండు నిమిషాల్లో బయటికి తీస్తాడు. అయితే ఆ రెండు నిమిషాల్లో మన బాబు మొక్కుకున్న మొక్కులు తీర్చడానికి ఒక సెలవు సరిపోదు.

తెలుగులో రాసేవాడైతే కష్టం రెండింతలు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చింది. అయినా డీటీపీ షాపుల్లో అను ఫాంట్ల రాజ్యం పోలేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన స్థానాల్లో కూర్చుంటాయి. అదే ఫాంటున్న కంప్యూటరులో అంతా తెలుగే. లేనిచోట తెరిస్తే ‘దివిసీమ జానపద గేయాలు – ఒక పరిశీలన’ కాస్తా డాలరు గుర్తులు, కొక్కేలు, నెత్తిన చుక్కలున్న ఐరోపా అక్షరాలుగా ప్రత్యక్షమవుతుంది. యూనికోడ్‌లో కొట్టినా గండం పూర్తిగా గడవదు. ఫాంటు మారితే వాక్యం కిందికి జారుతుంది, పేజీ పెరుగుతుంది, విషయసూచికలో 41 అన్న అధ్యాయం 44లో మొదలవుతుంది. ఇన్ని రూపాలెత్తే ఫైలు కంటే, ఒకసారి అచ్చయ్యాక కదలకుండా పడుండే కాగితాన్ని నమ్మేవాణ్ణి మూర్ఖుడంటే ఎలా?

సరే, మరి నాలుగు సెట్లెందుకు? వాటిలో సగం ఆయన అడగనే అడగడు, అవే వచ్చేస్తాయి. ఈ డెల్టా గాలిలో కాగితానికి చెమ్మ ఇట్టే పడుతుంది. షాపతను కట్ట విప్పి, అంచులు వేళ్లతో విదిలించి, గాలి ఆడించి మరీ ట్రేలో పెట్టడం అలవాటుకొద్దీ చేసే పని కాదు. అంటుకున్న కాగితాలు జంటగా లోపలికెళితే ప్రింటరు నోరు మూసుకుంటుంది. అది ఆగగానే మన బాబు ‘ప్రింట్’ నొక్కుతాడు. రాలేదు. మళ్లీ నొక్కుతాడు. మూడోసారి గట్టిగా నొక్కుతాడు, మౌసుకు చెవుడన్నట్టు. నొక్కినవన్నీ లోపల వరసలో బుద్ధిగా నిలబడి ఉంటాయి. ఇరుక్కున్న కాగితం లాగేయగానే అన్నీ ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. బిల్లు చూసి, ‘ఎటూ నాలుగు కావాల్సిందేలే’ అంటాడు. పక్కనే పెడనలో కలంకారీ అద్దేవాళ్లు రంగుకో అచ్చు చొప్పున, ముందరి అద్దకం అంచుకు సరిగ్గా చూసుకుని మరీ దించుతారు. వెంట్రుకవాసి జరిగితే గుడ్డ చెడుతుంది. అచ్చుకు అంత పేరున్న నేల మీద పుట్టి, ప్రింట్ ప్రివ్యూ ఒక్కసారి చూడనివాణ్ణి క్షమించడం కష్టమే.

క్లౌడ్ ఉండగా ఈ గోలేమిటని పట్నవాసులు అంటారు. నిజమే, గూగుల్ 15 జీబీ ఉచితంగా ఇస్తుంది. అందులో చెల్లెలి పెళ్లి వీడియోలు నిండిపోయాక జీమెయిల్‌కు కొత్త ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుందన్న సంగతి గైడుగారి ఉత్తరం అందనప్పుడు గానీ తెలియదు. పైగా ల్యాబులో లాగిన్ కావాలంటే ఫోనుకు కోడ్ వస్తుంది, ఫోను బయట బ్యాగులో ఉంటుంది. డిజిలాకర్ 2015 నుంచి ఉంది, అందులోని సర్టిఫికెట్లు అసలువాటితో సమానమని చట్టమూ చెబుతోంది. అయినా కౌంటరు దగ్గర ‘జిరాక్సు తెచ్చారా?’ అనే ప్రశ్న రిటైరవలేదు. అంతెందుకు, పీహెచ్‌డీ గ్రంథాన్ని అట్టకట్టించి ఇవ్వమంటారు, పరిశోధన గ్రంథాలను ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగ కోసం సాఫ్ట్‌కాపీ కూడా ఇవ్వమంటారు. సంస్థ రెండు రకాలుగా జాగ్రత్తపడితే నిబంధన, మనిషి నాలుగు సెట్లు తీస్తే పిచ్చా? కాగితం దండగ కదా అన్నవారి మాట మాత్రం ఒప్పుకుని తీరాలి. సూచిక తప్పిన పాత సెట్ల వెనకవైపు బందరు పిల్లలు ఎన్ని లెక్కలు చేసినా ఆ కాగితం తరగదు.

ఆయన అసలు తప్పు వేరే ఉంది. తీసిన నాలుగు సెట్లనూ, పెన్‌డ్రైవునూ కలిపి ఒకే బ్యాగులో వేసుకుని, ఆ బ్యాగును బస్సులో సీటుకింద పెడతాడు. ఒకే చోట ఉన్న నాలుగు కాపీలూ లెక్కకు ఒక్కటే. బస్సులో మరిచిపోతే నాలుగూ పోతాయి. ఇంక్‌జెట్ ప్రింటయితే ఒక జల్లుకే అక్షరాలు అలుక్కుపోతాయి. లేజరు ప్రింటు సిరా కాదు, వేడికి కాగితానికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్ పొడి, కాబట్టి కొంత నయం. కానీ ఈ సీమకు జల్లు ఒక్కటే కాదు, 1977 నవంబరు 19 కూడా తెలుసు. వేల ప్రాణాలు పోయిన ఆ ఉప్పెనలో ఇళ్లే మిగలని ఊళ్లలో ట్రంకుపెట్టెలోని దస్తావేజుకు ఎన్ని నకళ్లుంటే ఏం లాభం? దూరాన వేరే గడప లోపల ఉన్న కాగితమే కాగితం.

కాబట్టి బాబూ, నీ భయాన్ని ఎవరు వెక్కిరించినా వదులుకోకు. ఫైలును ముందు పీడీఎఫ్ చేసుకో. ఫాంట్లు అందులోనే ఇమిడి వస్తాయి, ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగులాగే ఉంటుంది. ఫైలు పేరులో ఫైనల్ అని కాదు, తేదీ వెయ్యి. నీకు నువ్వే ఒక మెయిలు పంపుకో. ఒక సెట్టు డిపార్టుమెంటుకు ఇవ్వు, ఒకటి ఇంట్లో ఉంచు, ఒకటి గుడివాడలో అక్కయ్యగారింట్లో అటక మీద పెట్టించు. నాలుగోది తీయించకు.