పెండ్లిపిల్ల అడిగిన పాట

నేను డీజే బాక్సును. ప్లైవుడ్ ఒళ్లు, లోపల 18 అంగుళాల ఊఫర్, ముందు ఇనుప జాలి. తంగళ్ళపల్లిలో సాంచెల (మరమగ్గాల) షెడ్డుకు ఆనుకున్న గదిలో ఉంటాను. పగలంతా సాంచెల చప్పుడు గోడ దాటి వచ్చి నాకు తగులుతుంది. నూలు దుమ్ము జాలికి పట్టుకుంటుంది. గిరాకీ వచ్చిన రోజు మా ఓనరు ఆ దుమ్మంతా బ్రష్షుతో దులిపి నన్ను డీసీఎం వ్యాను ఎక్కిస్తాడు. మానేరు వంతెన దాటితే సిరిసిల్ల. అటు కోరుట్ల, జగిత్యాల దాకా ఎన్ని బరాత్‌లకు పోయానో!

బరాత్‌లో ఏ పాట పెట్టాలో చెప్పేది పెండ్లికొడుకు దోస్తులే. పెండ్లికూతురు కారులో తల వంచుకుని కూచునేది. ఆమె మీద పాటలు లేక కాదు. అప్పగింతల పాటలు ఎన్నో ఉన్నాయి, తల్లిగారింటిని తలపించి కండ్ల నీళ్లు తెప్పించేవి. కానీ అవి పాడేది అమ్మలక్కలు. ఆమె వినాలి, ఏడవాలి. అంతవరకే ఆమె పని.

2021లో ‘బుల్లెట్టు బండి’ వచ్చింది. దానికి సినిమా లేదు, హీరో లేడు. యూట్యూబ్‌లో ఒంటరిగా వచ్చిన పాట. రాసింది లక్ష్మణ్, బాణీ కట్టింది ఎస్.కె. బాజీ, పాడింది మోహన భోగరాజు. 2015లో ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాడింది కూడా ఆమే. ఈ పాటలో పెండ్లిపిల్ల తనే మాట్లాడుతుంది. ముస్తాబై ఉంటాను, బండేసుకుని రా, నీ వెంట వస్తానని పిలగానికి చెబుతుంది. తను మట్టిమనుషుల నడుమ పెరిగిన పిల్లనని, మర్యాద తెలిసినదాన్నని కూడా చెప్పుకుంటుంది. అత్తగారింటికి పోవడం ఇక్కడ ఆమె నిర్ణయం. నేను మోసిన పెండ్లి పాటల్లో నాకు ఇంత నచ్చింది మరొకటి లేదు.

అదే ఏడాది ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక కొత్త పెండ్లికూతురు బరాత్‌లో భర్త ముందు ఈ పాటకు ఆడింది. ఆ వీడియో ఊరూరా తిరిగింది. ఆ తర్వాత మా బరాత్‌ల తీరే మారింది. కారు అద్దం దిగేది. పెండ్లికూతురి తమ్ముడు పరుగెత్తుకొచ్చి, “అన్నా, మా అక్క బుల్లెట్టు బండి పెట్టమంటున్నది” అనేవాడు. ముసలవ్వలు మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత వాళ్లే ముందుకు వచ్చి, “ఆడు బిడ్డా” అన్నారు. మెట్టెల కాళ్లు నా ముందు ధైర్యంగా దుమ్ము లేపడం నేను అప్పుడే చూశాను.

ఒక ముచ్చట ఆడేవాళ్లకు తెలియదు. ఆ గొంతు నాలోంచి రాదు. నాలోంచి వచ్చేది దరువు, గుండెలకు తగిలే బేస్. మాట వచ్చేది నా మీద కూచున్న చిన్న హారన్‌లోంచి. మిక్సర్ మీద బేస్ పూర్తిగా ఎక్కించారంటే నేను ఊగిపోతాను, కిటికీలు వణుకుతాయి, ఆడమనిషి మాట మాత్రం మునిగిపోతుంది. మా ఓనరు ఈ పాటకు నన్ను కొంచెం తగ్గిస్తాడు. తగ్గినందుకు నాకు బాధ లేదు. ఆమె చెప్పేది వినబడకపోతే ఆ పాట పెట్టి ఏం లాభం?

ఆడపిల్ల తన మాట తనే చెప్పుకునే పాట ఇదొక్కటే కాదు. మా ఎదురింటి అరుగు మీద అక్కలు చేటలు ఒడిలో పెట్టుకుని బీడీలు చేస్తారు. తునికాకు కత్తిరిస్తూ, దారం చుడుతూ ఫోన్‌లో పాటలు వింటారు. గోదావరిఖని పిల్ల మధుప్రియ చిన్నతనంలో పాడిన ‘ఆడపిల్లనమ్మా’ నేను మొదట విన్నది ఆ అరుగు మీది నుంచే. ఒకరోజు మా దుకాణం పిలగాడు అమెరికా పాట ఒకటి నాకు కలిపాడు. కెంటకీ కొండల్లోని బొగ్గు కార్మికుడి బిడ్డ లొరెట్టా లిన్ తన ఇంటి కష్టం తనే రాసుకుని పాడిన ‘కోల్ మైనర్స్ డాటర్’. 1970లో సింగిల్‌గా వచ్చి అక్కడి కంట్రీ పాటల్లో మొదటి స్థానానికి ఎక్కింది. భాష నాకు అందలేదు. కానీ అక్కడా బొగ్గుబావుల ఊరే, గోదావరిఖనీ బొగ్గుబావుల ఊరే. రెండు చోట్లా ఒక ఆడపిల్ల తన సంగతి తనే పాడింది.

డీజే తమ్ములారా, మీకు నాదొక్క మాట. ఆడగొంతు పాట వచ్చినప్పుడు నా బేస్ కాస్త దించండి. పాట అయినంక మైకు తీసుకుని పెండ్లివారి పేర్లతో పాటు పాడినామె పేరు, రాసినాయన పేరు కూడా ఊరికి వినబడేటట్టు చెప్పండి.